పోయేదాన్ని వచ్చేదని చూపిన డబ్బా

సోమలింగం పని ఊడటానికి విజయరాణి సంతకం ఒక్కటే తక్కువ.

సూరత్‌లోని గోడాదరాలో ఏళ్ల తరబడి సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపి, ఆ మోతకు చెవులు మొద్దుబారాక, సోమలింగం మొబైల్ టవర్లెక్కి కేబుళ్లు బిగించే పనిలో చేరాడు. సూరత్ దగ్గరి కిమ్ అనే ఊళ్లో అతను బిగించిన టవర్ కింద యాంప్లిఫయర్ కాలిపోయింది. పంపిన పవర్‌లో పదోవంతు యాంటెన్నా నుంచి వెనక్కి తన్నుతోందని మీటరు చూపింది. "తాగొచ్చి బిగించిండు లంగ నా కొడుకు, జాయింటు ఖరాబ్ జేసిండు!" అని కాంట్రాక్టరు ఓంప్రకాష్ గ్యాంగంతా వినేలా అరిచాడు. చుక్క ముట్టని మనిషి, మీటరు ముల్లు ఒరిగిందని తాగుబోతయ్యాడు.

విజయరాణి ఆ కాంట్రాక్టరు దగ్గరే టెస్టింగ్ ఇంజనీరు. రైల్వే గుమస్తా కూతురు, పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే. "కోపం నీ ముక్కు మీదే ఉంటుందే, ఏ కొలువులోనూ నిలవవు" అనేది తల్లి తాయారమ్మ. అదీ నిజమే. అంతకుముందు రెండు కొలువులు ఆ ముక్కు మీది కోపానికే పోయాయి.

తప్పు సోమలింగందేనన్న రిపోర్టు మీద ఆమె సంతకం పెట్టలేదు. మీటరుకు ముందుండే కప్లర్ విప్పి బెంచీ మీద పెట్టింది. లైన్లో పోయే పవర్‌లో వెయ్యోవంతు ఒక మూతికి, తిరిగొచ్చే దాంట్లో వెయ్యోవంతు ఇంకో మూతికి ఇవ్వడం దాని పని. రెంటినీ కలిపేస్తే ఇక దానికి నీతి లేనట్టే. యాంటెన్నా బదులు, అందిందంతా మింగేసే లోడ్ తగిలించింది. తిరిగి రావడానికి ఏమీ లేదు. అయినా మీటరు అదే పదోవంతు చూపింది!

కప్లర్ డబ్బా మీది చీటీలో 'డైరెక్టివిటీ నలభై డెసిబెల్స్' అని ఉంది, అంటే పోయేదాన్నీ వచ్చేదాన్నీ విడదీసే సత్తా. కొలిస్తే, నలభై అనేది ఐసోలేషన్, అంటే తప్పుడు మూతిలోకి కారకుండా ఆపేది. అందులోంచి కప్లింగ్, అంటే మూతికిచ్చే వెయ్యోవంతు తాలూకు ముప్ఫై, తీసేస్తేనే డైరెక్టివిటీ. మిగిలేది పది. డెసిబెల్స్ లెక్కలో పది అంటే పదింతలు, ముప్ఫై అంటే వెయ్యింతలు, నలభై అంటే పదివేలింతలు. అంటే ముందుకు పోయే పవర్‌లో పదివేలోవంతు తప్పుడు మూతిలోకి కారుతోంది. మీటరు దాన్ని వెయ్యింతలు చేసి, పదోవంతు వెనక్కొచ్చిందని చెబుతోంది. ఒక్క తీసివేత ఎగ్గొట్టి చీటీ అంటించారు, చవకని ఓంప్రకాష్ కొన్నాడు.

ఆమె మంచి కప్లర్ పట్టుకుని కిమ్ వెళ్లి అదే జాయింటును కొలిచింది. నూటికి ఒకటి కూడా వెనక్కి రావడం లేదు. యాంప్లిఫయర్ కాలింది పెట్టెలో ఫ్యాన్ తిరగక. ఫ్యాన్ చూసుకోవాల్సింది కాంట్రాక్టరు.

ఓంప్రకాష్ పొగాకు కలిపిన వక్కపొడి మావా నములుతూ అంతా విన్నాడు. "అయితే ఏందంటరు మేడం? డబ్బా తప్పని రాస్తే నా మెడకు సుట్టుకుంటది. మనిషి తప్పని రాస్తే అడిగేటోడెవడు? గోడాదరాల సోమలింగాలకు కరువా? జర సంతకం పెట్టుండ్రి."

"మీరూ సాంచెల కాడ పుట్టినోళ్లే గదా! సిగ్గు లేదూ?"

రిపోర్టులో సోమలింగం పేరు అడ్డంగా కొట్టేసింది. కప్లర్ లెక్క, ఫ్యాన్ సంగతి రాసి, సంతకం పెట్టి, ఓంప్రకాష్ కళ్లెదుటే టవర్ కంపెనీకి ఫ్యాక్స్ కొట్టింది. "నా కొలువు పీకేస్తే పీకేయండి. ముందు తిట్టిన చోటే తప్పయిందని చెప్పండి."

కంపెనీ నుంచి మర్నాడే చీవాట్లు వచ్చాయి. ఓంప్రకాష్ కిమ్‌లో గ్యాంగు ముందు నిలబడి నేల చూస్తూ గొణిగాడు. "డబ్బా ఖరాబున్నదట... సోమలింగం తప్పు లేదు."

సోమలింగం చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "సాంచెలల్ల చెవులు పోయినయి సేఠూ, ఇనవడ్తలేదు. మొన్న గింత మెల్లగనే తిట్టినవా?"