గది దాటని చైనా

పీజీ చదవడానికి నాకు చైనాలో సీటొచ్చింది. అమ్మ ఇంకా ఊఁ అనలేదు. అక్కడ ఉద్యోగంలో చేరి, వారం తిరక్కుండానే తిరిగి బహ్రెయిన్‌కే పారిపోయి వచ్చిన నాన్న స్నేహితుడొకాయన ఈ సాయంత్రం ఇక్కడి గలాలీలోని మా ఇంటికొచ్చారు.

"పంపకండి వదినా! హోటల్లో మంచినీళ్ళడిగితే వేడినీళ్ళిస్తారు, జ్వరమొచ్చినవాళ్ళకిచ్చినట్టు. ఒక్కడికీ ఇంగ్లీషు రాదు."

ఇరవై ఏళ్ళుగా ఇక్కడున్న ఈయనకు వచ్చిన అరబ్బీ అంతా కలిపి రెండు మాటలు: యల్లా అంటే పద, ఖలాస్ అంటే అయిపోయింది.

"ఊరెలా ఉంటుంది బాబాయ్?" అనడిగాను.

"ఏమో! ఆఫీసు, గది. గదిలో అన్నం, ఆవకాయ. బయటికెవడు పోతాడమ్మా?"

ఆయన వెళ్ళాక అమ్మ గ్లాసులు తీస్తూ అంది: "నీకెలాగూ చన్నీళ్ళు పడవు. వెళ్ళు."

చైనాలో ఉన్నవాళ్ళెవరైనా చెప్పండి, గది బయట ఊరెలా ఉంటుంది? ఆవకాయ రుచి మాకు తెలుసు.