ఖర్జూరం పెట్టెలోని కాగితం

ఇప్పుడు కొత్తపేటలో కొనే ఆపిల్‌కు వాసన ఉండదు. తెల్లటి ఫోమ్ వలలో, మైనం పూతతో, ఒక చిన్న స్టిక్కర్‌తో వస్తుంది. నిన్న ఎల్బీనగర్‌లో మా అమ్మాయి స్కూల్ మీటింగ్ నుంచి వస్తూ కొన్ని కొన్నాను. వచ్చే ఏడు తొమ్మిదో తరగతికి సోషల్, డ్రాయింగ్ పీరియడ్లు తీసేసి ఆ గంటలు కూడా మ్యాథ్స్‌కూ ఫిజిక్స్‌కూ ఇస్తున్నామని అక్కడ ప్రిన్సిపాల్ చెప్పగానే చుట్టూ ఉన్న తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

మాది పాత పండ్ల మార్కెట్ వెనక సందు. మార్కెట్ ఊరవతలికి తరలిపోయింది గానీ, నా చిన్నప్పుడు ఏ కాలంలో ఉన్నామో ముక్కే చెప్పేది. ఎండాకాలం మామిడి సొన, వానల్లో కుళ్లిన బత్తాయి తొక్కలు, చలికాలం ఆపిల్ పెట్టెల్లోని తడి గడ్డి. బత్తాయిలు మా సొంత జిల్లా నల్లగొండవి కాబట్టి మా నాయనమ్మ వాటిని చుట్టాల్లా చూసేది, మచ్చ కనిపించినా ఒక్క మాట అననిచ్చేది కాదు. పగిలిన చెక్కపెట్టెలు పొయ్యిలోకి పోయేవి, గడ్డి బర్రెలకు పోయేది. పండ్ల మధ్య కుక్కిన పాత పేపర్లు మాత్రం పిల్లలవి. వాటిని మా సోషల్ టీచర్ కమల గారు తెమ్మనేవారు.

ఆమెది గుంటూరు వైపు. ఆ నలిగిన పేపర్లను చేత్తో సాపు చేయించి, ఏ పండు ఏ ఊరిదో చెబితే చాలదు, ఆ ఊళ్లో ఆ రోజు ఏం జరిగిందో తెలుసుకుని రమ్మనేవారు. చదివి చెప్పే మనిషిని మేమే సందులో వెతుక్కోవాలి. నాగపూర్ కమలాపండ్ల మరాఠీ పేపర్లు నాందేడ్ నుంచి వచ్చిన దర్జీ దగ్గరికీ, కాశ్మీర్ ఆపిల్స్ ఉర్దూ పేపర్లు మా తాత దగ్గరికీ పోయేవి. నిజాం కాలపు బడిలో చదివిన తాతకు ఉర్దూ వచ్చు, తెలుగు చదవడం రాదు. ఎక్కడో మంచు పడి పెళ్లివాళ్లు దారిలో చిక్కుకున్న కబురు చదివి, ఆ పెళ్లి చివరికి అయిందో లేదో అని చాలా రోజులు బెంగపడ్డాడు. తెలిసిన ఊరి దగ్గర గోడమీది మ్యాపుకు తుమ్మముల్లు గుచ్చేవాళ్లం, విన్న సంగతిని బొమ్మ గీసేవాళ్లం. మాకు అదే సోషల్, అదే డ్రాయింగ్.

ఒక రంజాన్ నెలలో ఖర్జూరం పెట్టె అడుగున అరబ్బీ పేపర్ ముక్క దొరికింది. తాత పైకి చదివాడు గానీ అర్థం చెప్పలేకపోయాడు.

"అక్షరాలు ఎరికైనయే బిడ్డా, మాటనే మనది గాదు."

టీచర్‌కు ఆ మాట చెబితే, "మీ సందులోనే ఉన్నాడుగా అరబ్బీ మాట్లాడే ఆ సూడాన్ అబ్బాయి, వెళ్లి అడగండి" అన్నారు, అదేమీ పెద్ద సంగతి కానట్టు.

మాకు అది పెద్ద సంగతే. ఆ అబ్బాయి, యాసిర్, యూనివర్సిటీలో చదువుకుంటూ సత్తెమ్మ ఇంటి మీది గదిలో కిరాయికి ఉండేవాడు. అతను నడిచొస్తుంటే తలుపులు మూసుకునేవి. అతని రంగు మీద పెద్దవాళ్లు వేసే జోకులు ఇక్కడ రాయడానికి నాకు రోత. నల్లా దగ్గర అతని బకెట్ తమ బిందెలకు తగిలితే ఆడవాళ్లు బిందె మళ్లీ తోముకునేవాళ్లు. వాళ్ల పోరు పడలేక సత్తెమ్మ నెలాఖరుకు గది ఖాళీ చేయమంది. ఇంకెక్కడా గది దొరకదని అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

తాత నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కాడు. యాసిర్ కాగితం చూసి మొదట భయపడ్డాడు, ఖాళీ చేయమనే నోటీసు అనుకున్నాడేమో. తర్వాత చదివి నవ్వాడు. అతనికి వచ్చిన కొద్దిపాటి హిందీ, తాత ఉర్దూ కలిసి, ఉర్దూలోనూ అరబ్బీలోనూ ఉన్న ఖబర్, దునియా లాంటి మాటల దగ్గర ఆగి ఆగి సాగాయి. అది తన దేశం పేపర్ కాదన్నాడు, కానీ అందులో ఉన్నది తమ పేటలోనూ ఉన్నదేనన్నాడు.

మర్నాడు పొద్దున తాత నల్లా దగ్గర నిలబడి అందరికీ వినిపించేలా చెప్పాడు. "గా దేశంల గూడ నల్లా వస్తలేదంట. ఎవలో ఆడమనిషి పేపరోళ్లకు రాసి తిట్టింది. గీ పిలగాని ఇంటికాడ గూడ గదే లొల్లంట."

అందరికంటే గట్టిగా అతణ్ణి తిట్టిపోసే యాదమ్మ బిందె పట్టుకుని ఆగిపోయింది. "మరి గాళ్లమ్మ నీళ్లకు ఎట్ల చేస్తదంట?"

"నన్నెందుకడుగుతవ్? గా పిలగాడు నీ ఎనకాలనే నిలవడ్డడు."

ఆమె వెనక్కి తిరిగింది. అతని చేతిలోని ఖాళీ బకెట్ చూసింది. తర్వాత తన బిందెను కాలితో పక్కకు జరిపి, "పెట్టు బిడ్డా, జల్ది పెట్టు, పోతది నల్లా" అంది. నెలాఖరు వచ్చింది, పోయింది. సత్తెమ్మ గది సంగతి మళ్లీ ఎత్తలేదు. చదువు అయిపోయేదాకా యాసిర్ అక్కడే ఉన్నాడు.

నిన్న మీటింగ్‌లో సోషల్ ఎందుకు తీసేస్తున్నారని అడిగాను. పరీక్షల ముందు బిట్స్ ఇస్తాం, మార్కులు పోవు మేడమ్ అన్నాడు ప్రిన్సిపాల్, నేను అడిగింది మార్కుల గురించే అన్నట్టు. వెనక నుంచి ఎవరో "గూగుల్ల దొరుకుతది తియ్యక్కా" అంటే హాలంతా నవ్వింది.

తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో ఒక ఆఫ్రికా కుర్రాడు నాకూ మా అమ్మాయికీ ఎదుట కూర్చున్నాడు. అదే స్కూల్ యూనిఫాంలో ఉన్న ఆడపిల్లలు ముక్కులు మూసుకుని ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. వాళ్లతో కలిసి మా అమ్మాయి కూడా నవ్వింది. మొన్న సోషల్‌లో దానికి క్లాసు ఫస్టు వచ్చింది.

"ఆయనది ఏ దేశమో అడుగుదామా?" అన్నాను.

"ఎందుకమ్మా? అది ఎగ్జామ్‌ల రాదు గదా" అంది, నిజంగానే అర్థం కాక.

ఆ కుర్రాడు కిటికీ వైపు తిరిగాడు. పండ్ల మార్కెట్ ఉన్న చోటు అటువైపే. గడ్డి లేదు, నలిగిన పేపర్లు లేవు, అవి చదివి పెట్టే మనిషి కోసం ఇల్లిల్లూ తిరిగే పిల్లలు లేరు. ఇంటికొచ్చాక మా అమ్మాయి ఆపిల్ తీసింది. స్టిక్కర్ మీద సన్నటి అక్షరాల్లో ఒక దేశం పేరుంది. దాన్ని గోటితో గీకి, చదవకుండానే చెత్తబుట్టలో వేసి, పండు కోసి సగం నాకిచ్చింది. తినబుద్ధి కాలేదు.