పెద్దమ్మకు తెల్లబువ్వ

పెద్దమ్మ పోయిందని కోస్గి నుంచి ఆమె కొడుకు, మా అన్న ఫోన్ చేసినప్పుడు, నేను షాద్‌నగర్‌లో మా వంటింట్లో కొర్రలు కడుగుతున్నాను. కొర్రలు ఎన్ని నీళ్లు పోసి కడగాలో నాకు నేర్పిందే ఆమె. జొన్నపిండి జల్లిస్తూ జల్లిస్తూ పక్కకు ఒరిగిపోయిందట. దవాఖానకు తీసుకెళ్లేసరికే ప్రాణం లేదు. దసరా దగ్గర పడింది. పండుగకు ఏమేం వండాలో మొన్ననే నాకు ఫోన్‌లో ఒప్పజెప్పింది.

ఆమె మా అమ్మకు అక్క. దసరా వస్తుందంటే, ఇంట్లో పెళ్లి పెట్టుకున్నట్టు నెల ముందు నుంచే హడావుడి పడేది. ఎవరి చేన్లో సామలు పండాయి, కుసుమ నూనె ఎవరి దగ్గర దొరుకుతుంది అని ఊరంతా వాకబు చేసేది. పాలిష్ బియ్యం, మైదా, చక్కెర, ప్యాకెట్ నూనె ఆ గడప దాటి లోపలికి రాకూడదు. పండుగ విందు అంటే కొర్రబువ్వ, జొన్నరొట్టె, యాటకూర, పుంటికూర పప్పు. ఎవరైనా మూతి ముడిస్తే, "నాలుక అడిగింది గాదు, ఒళ్లు ఓర్సుకునేది వండాలె" అనేది. షుగరు గోలీ కనిపెట్టిన డాక్టరు నోరు కట్టేసే గోలీ ఎందుకు కనిపెట్టలేదని కూడా అనేది. ఈ రోజు మా పిల్లలు జొన్నరొట్టె అడిగి తింటున్నారంటే అది ఆమె చలవే.

పెద్దనాయినకు షుగర్ వచ్చాక మొదలైంది ఇదంతా. డాక్టర్ అన్నం తగ్గించమన్నాడు. తాతల నాటి తిండే మందు అని ఎవరో చెప్పే వీడియోలు ఆ రోజుల్లోనే ఫోన్‌లో ఆమె కంట పడ్డాయి. తాతల తిండి ఆమెకు కొత్తేమీ కాదు. ఏడాదంతా జొన్నరవ్వ గట్క తిని పెరిగిన మనిషి. వరిబువ్వ పండుగకే. ఆ ఏడు దసరాకు కొర్రలు వండుతానని ఆమె అనగానే పెద్దనాయిన చిన్నబోయాడు.

"తెల్లబువ్వ కోసమే పండుగకు ఎదురుజూసినోళ్లం. పండుగనాడు గూడ గిదేనా?"

ఆ మాటకు ఆమె మెత్తబడింది. సామలతో పరమాన్నం వండి, బెల్లం దండిగా వేసింది. "చక్కెర గాదు, బెల్లమే. మన తాతలు తిన్నదే. ఏంగాదు, తిను" అంది. ఆయన ఆత్రంగా తిన్నాడు. పండుగ వెళ్లాక కూడా ఆ పరమాన్నం ఆగలేదు. తాతల తిండే మందైనప్పుడు గోలీలెందుకని అవి కూడా పక్కన పడేశాడు.

ఆయన బొటనవేలికి చెప్పు కరిచిన పుండు ఉంది. తిమ్మిరెక్కిన కాలికి నొప్పి తెలియలేదు. వేలు నల్లబడ్డాక గాని మేమెవరమూ చూడలేదు. మహబూబ్‌నగర్‌లో మోకాలి కింది దాకా కాలు తీసేశారు. పుండు పండుగకు ముందుదేనని, పరమాన్నం ఒక్కదాని వల్లే కాలు పోదని డాక్టర్ నచ్చజెప్పాడు. ఆమె తల ఊపింది. ఇంటికొచ్చి మిగిలిన బెల్లమంతా బర్రె కుడితిలో వేసింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో తీపి వండలేదు. ఆమెకు షుగర్ లేదు. అయినా తెల్లబువ్వ, తీపి మళ్లీ ముట్టలేదు. పెళ్లిళ్లకు కూడా డబ్బాలో జొన్నరొట్టె పెట్టుకుని పోయేది. నాకు ఆమె మీద కోపం వచ్చేది, ఏడుపూ వచ్చేది. పెత్తరమాసనాడు మాత్రం, పోయిన పెద్దల పేరున సన్నబియ్యం వండి విస్తరిలో పెట్టేది. కొర్రలు తిని బతికినవాళ్లకు ఇదెందుకని ఒకసారి ఆటపట్టించాను.

"వాళ్లు ఆశపడ్డది గిదే బిడ్డా. సచ్చినోళ్లకు షుగరుండదు" అంది. ఆ మాట నవ్వుతూ అనలేదు.

పెద్దమ్మ పోయిన మూడోనాడు, ఆమెకు ఇష్టమైనవి వండి పెట్టాలి. ఏది ఇష్టమో మాకెవరికీ తెలియదు. వంటింట్లో ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రోజూ తిన్నది కొర్రబువ్వే కదా, అదే పెడదామన్నాడు అన్న. మంచం మీద కూర్చున్న పెద్దనాయిన వద్దన్నాడు. సన్నబియ్యం వండమన్నాడు, పరమాన్నం కూడా చేయమన్నాడు. పెళ్లైన కొత్తలో పండుగ పూట ఆమె పరమాన్నం గిన్నె అడుగు గీకి మరీ తినేదట. ఇంట్లో బెల్లం లేదు కదా, అన్న దుకాణానికి వెళ్లి తెచ్చాడు.

ఆమె పటం ముందు విస్తరి వేసి అన్నీ వడ్డించాం. పెద్దనాయిన కట్టె ఊతంగా వచ్చి, గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చున్నాడు. విస్తరిని తన చేత్తోనే పటం దగ్గరికి జరిపాడు.

"తిను. ఇగ నీకు ఏంగాదు."

తర్వాత ఆయనకు పళ్లెంలో జొన్నరొట్టె పెట్టాం. ఆమె ఆఖరిసారి జల్లించిన పిండితో చేసిందే. ఆయన ఒక ముక్క తుంచి చేతిలో పట్టుకున్నాడు. పటం ముందు తెల్లబువ్వ మీద ఆవిరి పూర్తిగా ఆగిపోయేదాకా, ఆ ముక్క నోట్లో పెట్టుకోలేదు.