చెవి కింద మిగిలిన నీలం

"చెంప మీద ఇంద్రధనుస్సుతోనే ఇంటికెళ్ళాల్సింది" అని నా ఫొటో కింద కామెంట్ పెట్టడం తేలికే. మా ఊరు బాంబూఫ్లాట్‌కెళ్ళే ఫెర్రీలో సగం మంది మా మామయ్య షాపుకొచ్చేవాళ్ళే. ఆయనకి తెలిస్తే నన్ను మళ్ళీ గడప దాటనివ్వడు.

ఆ రోజు పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక వీధివాళ్ళంతా కలిసి ప్రైడ్, అదే ఆడవాళ్ళని ప్రేమించే నాలాంటి వాళ్ళ పండగ, చేస్తే, వాళ్ళతో గోడలకి బొమ్మలేసి, పాటలు పాడి వస్తున్నాను. ఫెర్రీ కదిలాక ఫోన్ కెమెరాలో చూసుకుంటూ చెంప రుద్దుకుంటే రంగు ఇంకా పాకింది. కోపంతో ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్న పెద్దావిడ సీసాలో నీళ్ళతో కొంగు తడిపింది.

"ఇలా తిరుగు బేటీ. గిన్నె తోమినట్టు తోమీస్తన్నావు."

"ఇదేంటో మీకేం తెలుసు ఆంటీ?" విసుక్కున్నాను.

"తెల్దేటి? సునామీ తర్వాత రేకుల షెల్టర్లో నేనూ నా నేస్తం ఒకే చీర అడ్డం కట్టుకుని బతికాం. అప్పుడెవలూ ఏటీ అడగలేదు. పక్కా ఇళ్ళిచ్చాకే, ఆవిడ నీకేటవుద్దని అడిగారు."

"ఏం చెప్పారు?"

"దీదీ, మా అక్క అని చెప్పీసినాను."

ఆవిడ చెంపంతా తుడిచి, చెవి కింద కాస్త నీలం వదిలేసి, దాని మీదకి నా జుట్టు సర్దింది.

"ఇంత ఉండనీ."

ఆ రాత్రి మామయ్య ఎదురుగా కూర్చునే అన్నం తిన్నాను. ఆయనకి కనపడలేదు. ఇప్పుడనండి, నేను పిరికిదాన్నా?