కాలి వేలు వదలని కువైట్ మొగుడు

నాకు ఒకప్పుడు ఒక మొగుడుండేవాడు. పొద్దున టిఫిన్ల వేళకు పుట్టి, మధ్యాహ్నం భోజనాలకు ముందే మాయమైపోయాడు. ఆ కాస్త సమయంలోనే ఒక ఆస్పత్రి హాలు మొత్తాన్ని ఏడిపించాడు, డాక్టరమ్మ ముందు నా పరువు తీశాడు. పోతూ పోతూ నా ఎడమ కాలి వేలును మాత్రం వదిలిపెట్టలేదు. ఇంత నష్టం నిజం మొగుళ్లు కూడా ఒక్క పూటలో చేయలేరని పెళ్లయిన నా స్నేహితురాళ్లు చెబుతుంటారు. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, నవ్వుకోండి. నేనేమీ అనుకోను. ఆ రోజు నేను తప్ప అందరూ నవ్వారు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మాది డోన్. నాన్నకు అక్కడ కిరాణా అంగడి ఉంది. నేను కర్నూలును ఆనుకుని ఉన్న కల్లూరులో, ఒక పైపుల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లులు కొట్టేదాన్ని. ఉండేది లేడీస్ హాస్టల్లో. నా గదిలోనే ఉండే హసీనా బి.ఇడి. చదివేది. నాకు లేని తెలివి ఆ పిల్లకు ఉండేది, కానీ తెలివైనవాళ్ల మాట వినే అలవాటు నాకు అప్పట్లో లేదు.

నాకొచ్చిన కష్టం ఏమిటంటే, నెలసరి నెలనెలా రావడం మానేసింది. ఎప్పుడో చుట్టపుచూపుగా వచ్చేది, వస్తే మాత్రం పోయేది కాదు. తిన్నా తినకపోయినా బరువు పెరుగుతున్నాను. మొహం నిండా మొటిమలు. గడ్డం కింద నల్లటి వెంట్రుకలు బయలుదేరాయి. అద్దంలో చూసుకుంటే రోజురోజుకూ మా నాన్న పోలికలు ఎక్కువవుతున్నాయి. ఫోన్లో వెతికితే లోకంలో ఉన్న జబ్బులన్నీ నాకే ఉన్నాయని తేలింది. ఒక చోట "పిల్లలు పుట్టడం కష్టం కావచ్చు" అని కనపడగానే ఫోన్ పక్కన పడేశాను. నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో నిజంగా భయపడ్డాను. నా ఒంట్లో ఏం జరుగుతోందో నాకే తెలియకపోవడం కంటే భయం ఇంకొకటి లేదు.

అమ్మకు చెప్పొచ్చు కదా అని మీరంటారు. ఒకసారి ఫోన్లో కాస్త కదిపి చూశాను. "వేడి చేసింటాదిలే, మజ్జిగ తాగు" అంది. మా అమ్మ లెక్కలో తలనొప్పి నుంచి పరీక్షలో ఫెయిలవడం దాకా అన్నీ వేడి వల్లే. పైగా నాకు సంబంధాలు చూస్తున్న రోజులవి. ఈ మాట అంగట్లోకి వచ్చే ఏ ఒక్కరి చెవిన పడినా, శనగపప్పుతో పాటు ఇంటింటికీ వెళ్లిపోతుందని నా బెంగ.

హసీనానే కర్నూలులో ఒక ఆడవాళ్ల డాక్టర్ సంగతి చెప్పింది. ఒంటరిగా వెళ్లి, ఆ ఆస్పత్రి తలుపు దాకా పోయి వెనక్కి వచ్చేశాను. లోపల అంతా కడుపుతో ఉన్నవాళ్లు, వాళ్ల అత్తలు. ఒక మూల పంజాబీ డ్రెస్సులో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. హాలంతా ముందు ఆ పిల్ల మెడ చూస్తోంది, తర్వాత కడుపు చూస్తోంది. ఆ చూపులు నా వల్ల కాదనిపించింది.

అప్పుడే నాకు ఆ మహత్తరమైన ఆలోచన వచ్చింది.

"పెండ్లయినదాని మాదిరి పోతా హసీనా. నల్లపూసలు ఏసుకుని, మెట్టెలు పెట్టుకుంటే ఎవరూ ఏమీ అడగరు."

"నీకు మతి ఉండాదా? డాక్టర్ రోగం చూస్తాదా, మెడ చూస్తాదా?"

"డాక్టర్ గాదు, హాల్లో ఉండే అత్తలు చూస్తారు."

"చూస్తే చూడనీ. కళ్లుండేది దానికే గదా!"

నేను వినలేదు. ఫ్యాన్సీ షాపుకు వెళ్లి నల్లపూసలు కొన్నాను. షాపామె, కింద సందు ఉండి నొక్కి సరిచేసుకునే మెట్టెలు చూపించింది. నాకు నచ్చలేదు. అబద్ధమైనా అందంగా ఉండాలని, సందు లేని నిండు రింగులు ఎంచుకున్నాను. "సైజు చిన్నదేమో మా" అని ఆమె అంటూనే ఉంది. కొబ్బరినూనె రాసి ఎక్కించాను. వేలు కాస్త కమిలింది గానీ, చూడ్డానికి లక్షణంగా ఉంది.

మర్నాడు నేను, హసీనా షేర్ ఆటోలో కర్నూలు వెళ్లాం. స్కాన్‌కు ముందు కడుపు నిండా నీళ్లు తాగాలని ఫోన్లో చదివాను కాబట్టి దారి పొడుగునా తాగుతూనే ఉన్నాను. ఆస్పత్రి హాల్లో కూర్చోగానే పక్కనున్న అవ్వ నా వైపు తిరిగింది. కోయిలకుంట్ల నుంచి మనవరాలిని చూపించడానికి వచ్చిందట.

"ఎన్నో నెల పాపా?"

"ఇంకా లేదవ్వా."

"పెండ్లయి ఎన్నాళ్లాయె?"

"రెండేండ్లు."

"మీ ఆయన ఏం చేస్తాడు?"

చూశారా, అక్కడే దెబ్బతిన్నాను. నల్లపూసల గురించి ఆలోచించాను, మెట్టెల గురించి ఆలోచించాను, మొగుడి గురించి మాత్రం ఆలోచించలేదు. కంగారులో నోటికి వచ్చింది చెప్పేశాను.

"కువైట్ల ఉండాడవ్వా."

"ఎప్పుడు పోయినాడు?"

"పెండ్లయిన వారానికే."

"మల్లా రాలేదా?"

"రాలేదు. ఆడ సేటు పాస్‌పోర్టు ఇయ్యడంట."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో నా తల్లీ! వింటిరామ్మా, ఈ పాప కత! పారాణన్నా ఆరలేదు, మొగుడు అరబ్బోని కాడ పడిపాయెనంట!" హాలు మొత్తం నా వైపు తిరిగింది. చూపులు తప్పించుకోవడానికి నేను వేసిన పథకం ఇదీ. ఒకామె కళ్లు తుడుచుకుంది. మా మేనమామ కూడా కువైట్‌లోనే ఉండాడు, ఫోన్ నంబరు ఇయ్యి, కనుక్కుంటాడు అని ఇంకొకామె పట్టుకుంది.

అవ్వకు ఇంతలో అనుమానం వచ్చింది. "అయితే పాపా, మొగుడు ఆడ, నువ్వు ఈడ. పిల్లలు కాలేదని డాక్టరమ్మ కాడికొస్తే ఆయమ్మ మాత్రం ఏం చేస్తాది?"

"మా అత్త పొమ్మనిందవ్వా" అన్నాను. అలా నాకు రాక్షసిలాంటి ఒక అత్త కూడా పుట్టింది. హసీనా దుపట్టా మొహం మీదికి లాక్కుని వణికిపోతోంది. ఏడుస్తోందనుకుని అవ్వ ఆ పిల్ల వీపు నిమిరింది.

ఈలోగా పిలుపొచ్చింది. డాక్టరమ్మ గబగబా మాట్లాడే మనిషి. నెలసరి సంగతి చెప్పగానే, "సరే, ముందు ప్రెగ్నెన్సీ పరీక్ష చేద్దాం" అంది.

"అవసరం లేదు డాక్టర్ గారూ."

"అంత గట్టిగా ఎట్లా చెబుతున్నావు?"

"ఆయన కువైట్ నుంచి రెండేళ్లుగా రాలేదు."

"మరి నెలలు తప్పి ఎన్నాళ్లయింది?"

"నాలుగు నెలలు."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. గొంతు తగ్గించింది. "చూడమ్మా, ఇక్కడ చెప్పింది ఈ గది దాటి పోదు. నేనేమీ అనను. ఎవరైనా ఉంటే చెప్పు."

ఆమె ఏమంటోందో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక నాకు వచ్చిన కోపం చెప్పలేను. లేని మొగుడికి ద్రోహం చేశానన్న నింద నేను భరించలేకపోయాను. "ఛీ ఛీ! నేను అట్లాంటిదాన్ని కాదు డాక్టర్ గారూ! ఆయన నన్ను నమ్మి పోయినాడు!" అన్నాను. నా కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. హసీనా దగ్గుతూ బయటికి పరిగెత్తింది.

డాక్టరమ్మ నిట్టూర్చి స్కాన్‌కు రాసింది. స్కాన్ గదిలో సిస్టర్ నా మెట్టెలు చూసి, "పెండ్లయింది గదా, పోయి బాత్రూంలో ఖాళీ చేసుకుని రా" అంది.

"నీళ్లు నిండా తాగి వచ్చినా సిస్టర్."

"పెండ్లి గాని పిల్లలకు పైనుంచి చేస్తాం, దానికి నీళ్లుండాల. నీకు లోపలినుంచి చేసే స్కాన్. పోయి రా."

వెళ్లి, ఖాళీ చేసుకుని, బుద్ధిగా వచ్చి పడుకున్నాను. లోపలినుంచి అంటే ఏమిటని అప్పుడు అడిగాను. సిస్టర్ చెప్పింది. నేను బల్ల మీద నుంచి లేచి కూర్చుని, గది అదిరిపోయేలా అరిచాను.

"సిస్టర్! నాకు పెండ్లి కాలేదు!"

ఆ గది తలుపు పలచటి చెక్క. బయట హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో అవ్వ గొంతు స్పష్టంగా వినపడింది.

"అయితే కువైట్ల ఉండేదెవరు?"

నన్ను మళ్లీ డాక్టరమ్మ ముందు నిలబెట్టారు. అంతా విని ఆమె తలపట్టుకుంది, తర్వాత నవ్వాపుకోలేకపోయింది, ఆ తర్వాత తిట్టింది. "నువ్వు అబద్ధం చెబితే నేను లేని మనిషికి వైద్యం చేస్తాను. నీ రోగం నీకే ఉంటుంది. పో, మళ్లీ నీళ్లు తాగి రా."

ఇప్పుడు ఆ హాల్లోనే కూర్చుని, అందరి ముందూ, మళ్లీ మొదటినుంచీ నీళ్లు తాగాలి. తల ఎత్తలేదు. అవ్వ తన సీసా నా చేతిలో పెట్టింది.

"తాగు. లేని మొగునికోసం నన్ను ఎంతసేపు ఏడిపిస్తివే! నా మొగుడు పోయినప్పుడు కూడా అంత ఏడ్చలే నేను."

"తప్పయిపోయిందవ్వా."

"తప్పు కాదు, పిచ్చి. కడుపులో బాగలేకపోతే ఆస్పత్రికి వస్తారు గాని, నాటకానికి వస్తారా? తాగు, ఇంకా తాగు." నేను తాగినంతసేపూ నా పక్కనే కూర్చుంది. మనవరాలి వంతు వచ్చి పిలిచినా, ఆ పిల్లను ఒక్కదాన్నే లోపలికి పంపింది.

స్కాన్ అయింది, రక్త పరీక్షలూ అయ్యాయి. అన్నీ చూసి డాక్టరమ్మ చెప్పింది. పీసీఓఎస్ అంది. హార్మోన్లు గాడి తప్పాయి, అండాశయాల్లో ముత్యాల వరుసలా చిన్న చిన్న బుడగలు కనపడుతున్నాయి, చాలామంది ఆడపిల్లలకు ఉండేదే, ప్రాణానికి భయం లేదు, కానీ అశ్రద్ధ చేయకూడదు అంది. మందులు, నడక, తిండి, అన్నీ వివరంగా చెప్పింది. పిల్లల సంగతి అడిగితే, "చాలామందికి పుడతారు, అవసరమైతే మందులు ఉన్నాయి. ముందు మొగుణ్ని కువైట్ నుంచి రప్పించు" అంది. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. అన్నాళ్లూ నన్ను భయపెట్టినదానికి ఒక పేరుంది, దానికి మందుంది. ఆ మాట కోసమే కదా ఇంత గోల.

"ఇంట్లో చెప్పావా?" అంది చివర్లో.

"లేదు."

"చెప్పు. మీ అమ్మ దగ్గరికి కూడా మెట్టెలు పెట్టుకుని పోతావా ఏంది?"

ఆమె నోట ఏ ముహూర్తాన ఆ మాట వచ్చిందో గానీ, అదే జరిగింది. హాస్టల్‌కు వచ్చి నల్లపూసలు తీశాను. కుడి మెట్టె అవస్థపడి తీశాను. ఎడమది రాలేదు. ఎండకు, తిరుగుడికి వేలు ఉబ్బిపోయింది. నూనె, సబ్బు, షాంపూ, చివరికి హసీనా రెండు కాళ్లూ గోడకు తన్ని లాగినా రాలేదు. మర్నాడేమో ఆదివారం. ఇంటికి వస్తానని అమ్మకు ముందే చెప్పి ఉన్నాను.

సాక్సులు వేసుకుని డోన్‌లో బస్సు దిగాను. నడివేసవి. అమ్మ అంగట్లో ఒక్కతే ఉంది, నాన్న వెనక గోడౌన్లో సరుకు సర్దుతున్నాడు.

"ఈ ఎండలో సాక్సులేందే?"

"చలిగా ఉంటేనూ."

"డోన్‌లో చలా! జరమేమైనా వచ్చిందా?" అని, ఒళ్లు పట్టి చూసి, వంగి సాక్సు లాగేసింది.

మా అమ్మ ఆ మెట్టెను చూసింది. నన్ను చూసింది. బియ్యం మూట మీద కూలబడింది.

"ఎవడే వాడు?"

"ఎవరూ లేరమ్మా."

"ఎవరూ లేకుండా మెట్టె యాడినుంచి వచ్చె? ఏ ఊరోడు?"

"కువైట్ అని ఊరికే చెప్పినామ్మా, అది..."

"కువైటా! ఓ దేవుడా! ఏమయ్యో, నీ కూతురు కువైటోన్ని చేసుకునిందంట!"

"అమ్మా, అరవద్దు! నాకు పెండ్లి కాలేదు! నాకు రోగం వచ్చింది! పీసీఓఎస్ అంట! డాక్టర్ కాడికి పోయేదానికి మెట్టెలు పెట్టుకున్నా, అది ఊడి రాలేదు!"

అమ్మ ఊపిరి పీల్చుకుంది. "రోగమేనా? పెండ్లి కాదా?"

"కాదు. రోగమే."

"వెంకటేశ్వరస్వామీ, బతికించినావయ్యా!" అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఈలోగా నాన్న ఒంటి నిండా పిండితో పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందే?" అంటే, "ఏం కాలే! మన పాపకు రోగమొచ్చింది, అంతే!" అంది సంతోషంగా.

అన్న తర్వాత ఆ మాట తన చెవిలో పడింది. మొహం మారిపోయింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మొదటినుంచీ మళ్లీ చెప్పించుకుంది. మజ్జిగ తాగమన్న ఫోన్ సంగతి వచ్చేసరికి కళ్లు తుడుచుకుంది.

"నాకు గట్టిగా చెప్పకూడదా? ఒక్కదానివే పోతివా?"

"నువ్వు బాధపడ్తావని..."

"ఆ, ఇప్పుడు శానా సంతోషపడ్తి!" అంది. కానీ నా చెయ్యి వదల్లేదు. నేను ఏ మాటకు అన్నాళ్లు భయపడ్డానో ఆ మాట చెప్పడానికి పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలేదు.

వీధి చివర ఉండే కంసాలి ఆచారి వచ్చి సన్నటి కత్తెరతో మెట్టె కత్తిరించాడు. తర్వాతిసారి అమ్మ నాతోపాటే ఆస్పత్రికి వచ్చింది. హాల్లో ఎవరూ అడగకముందే, "మా పాపకు పెండ్లి కాలేదు, పీసీఓఎస్ చూపించను వచ్చినాం" అని అందరికీ వినపడేట్టు చెప్పి కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు. పైగా ఇద్దరు ముగ్గురు దగ్గరికి జరిగి, మా పిల్లకూ అదే ఉండాదమ్మా అన్నారు.

తెగిన ఆ మెట్టె ముక్కల మీద ఒట్టేసి, అప్పుడే ఒక భీషణ ప్రతిజ్ఞ చేశాను. ఇక బతికున్నంత కాలం ఏ డాక్టర్ గదిలో అడుగుపెట్టినా, కుర్చీలో కూర్చోకముందే, వాళ్లు అడగకముందే, నా పెళ్లి సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానని. ఇప్పటిదాకా తప్పలేదు.

ఈ మధ్య ఉద్యోగం కడపకు మారింది. అక్కడ పన్ను నొప్పి వస్తే ఒక డాక్టర్ దగ్గరికి వెళ్లాను. కుర్రవాడే. కుర్చీ వాల్చి, పట్టకారు పట్టుకుని, దీపం నా మొహం మీదికి తిప్పాడు. మాట తప్పకూడదని ఆయన కళ్లలోకి చూసి చెప్పాను.

"డాక్టర్ గారూ, నాకు పెళ్లి కాలేదు."

ఆయన చేతిలో పట్టకారు గాల్లోనే ఆగిపోయింది. ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నాకు అయిపోయిందమ్మా, ఇద్దరు పిల్లలు కూడా. నువ్వు నోరు తెరువు."