లాంప్‌రూమ్ లింగమూర్తి ఫేస్‌బుక్కు

మా లింగమూర్తి కాకకు లోకంలో ఎవరికీ లేని అలవాటు ఒకటుంది. పొద్దున ఫేస్‌బుక్‌లో ఫోటోలు పెడతాడు, సాయంత్రానికల్లా అన్నీ దాచేస్తాడు. తీసెయ్యడు, ఆర్కైవ్‌లోకి తోసేస్తాడు. చీకటి పడ్డాక ఆయన ప్రొఫైల్ చూస్తే నిన్ననే ఖాతా తెరిచాడేమో అనిపిస్తుంది. నిజానికి ఆరేళ్లుగా డ్యూటీ ఉన్న ఏ ఒక్క రోజూ ఫోటోలు మానలేదు.

గోదావరిఖనిలో ఆయనా నేనూ ఒకే గనిలో పనిచేస్తాం. నేను ఆఫీసులో గుమాస్తాను. ఆయనది లాంప్‌రూమ్. కిందికి దిగే కార్మికుడికి టోపీ దీపం ఇవ్వడం, పైకొచ్చాక తీసుకుని దాని గూట్లో పెట్టడం ఆయన పని. ఒక గూడు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కిందున్నట్టే. గూళ్లన్నీ నిండేదాకా కాక ఇంటికి కదలడు.

ముప్పై ఏళ్లు ఇదే పని చేసేసరికి ఆ బుద్ధి ఒంట్లో ఇంకిపోయింది. ఎవరికైనా పెన్ను ఇస్తే రాసేదాకా పక్కనే నిలబడతాడు. మా అక్క పెళ్లికి మా కాలనీ నుంచి బస్సు కట్టుకుని వెళ్లాం. తిరుగు ప్రయాణంలో కాక బస్సు కదలనివ్వలేదు.

"ఆపుండ్రి! పోయినప్పుడు నలభై ఇద్దరం. ఇప్పుడు నలభై ఒక్కరమే ఉన్నం!"

అరగంట వెతికాం. ఆ తక్కువైంది పెళ్లికూతురు.

ఇక ఫోటోల సంగతి. పొద్దున్నే గేటు బయట ముత్యం టీ కొట్టు దగ్గర నిలబడి, మొదటి షిఫ్టుకు వచ్చే ప్రతివాడికీ ఒక ఫోటో తీస్తాడు. ఒక్కొక్కరికి ఒక్కో పోస్టు. అన్నింటి కిందా ఒకటే మాట, "దిగిండు."

"నిన్న తీస్తివి గద కాకా, గదే పెట్టరాదు?" అని మొదటి షిఫ్టు మొగిలి రోజూ విసుక్కునేవాడు.

"నిన్నటి మొఖం ఇయ్యాలకు పనికిరాదు. గదువ మీదికెత్తు," అంటూ కాక వాడి గడ్డం పైకెత్తేవాడు.

షిఫ్టు అయ్యాక ఒక్కొక్కడి దీపం తీసుకోవడం, వాడి ఫోటో దాచడం.

"గంత తిప్పల పడి పెట్టుడెందుకు, మల్ల దాసుడెందుకు కాకా?" అని నేను చాలాసార్లు అడిగాను.

"పోస్టుకు గూడ షిఫ్టు ఉంటదిర ప్రశాంతూ. పొద్దుగాల పోయింది పొద్దుమీకి రావాలె."

"ఆరేండ్లల్ల ఒక్క లైకన్న వచ్చిందా?"

"నాకు లైకులతోని ఏం పని?"

ఆ కాకకు రిటైర్మెంట్ రోజు దగ్గరికొచ్చింది. వీడ్కోలు సభలో ఆయన తీసిన ఫోటోలన్నీ తెర మీద చూపించాలని నాకు బుద్ధి పుట్టింది. ఫోను విద్యల్లో నన్ను మించినవాడు మా గనిలో లేడు. ఈ మాట నేనే చెప్పుకుంటాను, ఎవరూ కాదనలేదు. సభకు ముందురోజు, మొదటి షిఫ్టు వాళ్లంతా పైకొచ్చి, కాక ఫోటోలన్నీ దాచేశాక, ఆయన ఫోను నా బల్ల మీద చార్జింగ్‌కు పెట్టి టీకి వెళ్లాడు. లాక్ నంబరు ఫోను వెనకాల కాగితం అంటించి మరీ రాసుకున్నాడు. ప్రొఫైల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, ఆర్కైవ్‌లోకి వెళ్లాను. వేల ఫోటోలు! అన్నింటికీ టిక్కు కొట్టి, తిరిగి ప్రొఫైల్ మీదికి తెచ్చేశాను. పని ఇంత తేలిగ్గా అయిపోయిందేమిటని కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

పావుగంట గడవలేదు, గేటు దగ్గర గోల. పరుగెత్తి చూస్తే మొగిలి భార్య మల్లక్క. పిండి చేతులతోనే వచ్చేసింది. ఒక చేత్తో మొగిలి రెక్క పట్టుకుని ఉంది.

"మా ఆయన ఇంక కిందనే ఉన్నడట! సూడుండ్రి సారూ!"

"ఆయన నీ పక్కనే ఉన్నడు గదక్కా!"

మొగిలి కళ్లు నులుముకుంటూ, "ఇయ్యాల నేను డ్యూటీకే రాలే అన్నా. ఇంట్ల పండుకున్నోన్ని లేపి, నువ్వు గనిల ఉన్నవట గద, మరి ఈడ పండుకున్నదెవరని అడుగుతున్నది," అన్నాడు.

అంతలో ఆటోలోంచి కుబ్రా బేగం దిగింది. "భాయీ, జల్ది సూడుండ్రి, మా ఆయన ఇంక పైకి రాలేదట!" ఆయన, అంటే నజీర్ భాయ్, రెండేళ్ల క్రితమే రిటైరయ్యాడు. ఆ ఆటో నడుపుకుంటూ వచ్చింది ఆయనే.

"మరి నువ్వన్న జెప్పవద్దా భాయ్?" అన్నాను.

"నాకు గూడ ఫికరైంది," అన్నాడు.

ఇంకో పాతికమంది ఆడవాళ్లు పోగయ్యారు. "ఫోటో కింద తేదీ సూడలేదాక్కా?" అని మల్లక్కను అడిగాను.

"తేదీ ఎవరు సూస్తరయ్యా? మనిషిని సూస్తం గని!"

కాక టీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు. నా చేతిలో తన ఫోను చూశాడు, నా మొహం చూశాడు. ఆడవాళ్లను లాంప్‌రూమ్ కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు.

"మీరే సూడుండ్రవ్వా. ఒక్క గూడన్న ఖాళీ ఉన్నదా? అందరు పైకొచ్చిండ్రు. మల్లక్కా, నీ పెనిమిటి నీ చేతిలనే ఉన్నడు, ఇడిసిపెట్టకు."

అప్పుడు గానీ ఎవరికీ నవ్వు రాలేదు. మల్లక్క ఊపిరి పీల్చుకుని నాతో అంది: "కిందికి ఫోను తీస్కపోనియ్యరు గదయ్యా. ఆరేండ్ల కింద ఈయన చెప్పకుంట డబల్ డ్యూటీ జేసిండు. నేను ఈ గేటుకాడ ఏడ్సుకుంట కూసున్న. కాక సూసిండు. తెల్లారిసంది గీ ఫోటోలు మొదలువెట్టిండు. ఫోటో ఉంటె కిందున్నట్టు. పోతె పైకొచ్చినట్టు. గప్పుడే నేను పొయ్యి ముట్టిస్త."

"మరి ఒక్కరన్న లైకు కొట్టలేదేందక్కా?"

"కొడితె మొగోళ్లకు తెల్వదా? మా మీద నిఘా వెట్టిండ్రని లొల్లి జేస్తరు."

మొగిలికి నిద్రమత్తు పూర్తిగా వదిలింది. "అంటే షిఫ్టయినంక నేను రెండు గంటలు తిరిగొస్తె రోజు దొరుకుతున్నది గిందుకేనా? కాకా, ఎంత పని జేస్తివే!"

నేను తల గోక్కుంటూ అన్నాను. "ఒక్క టిక్కు కొడితె అన్ని మల్ల దాగుతయి కాకా."

"ఆగు. మనిషిని సూడకుంట దాసుడు నా డ్యూటీల లేదు."

స్టూలు మీద కూర్చుని ఒక్కొక్క పేరే పిలిచాడు. "ఉన్నడు" అని ఇంటావిడ చెప్పాక, వాళ్ల ఫోటోలు నేను దాచాలి. రానివాళ్ల ఇళ్లకు ఫోను చేసి మరీ అడిగాడు. నజీర్ భాయ్ పేరు పిలిస్తే ఆయనే చెయ్యెత్తి, "ఉన్న!" అన్నాడు. నా బొటనవేలు వాచింది.

చివర్లో మల్లక్క అడిగింది. "ఎల్లుండిసంది ఎట్ల కాకా? నువ్వు రావు గద."

కాక నా వైపు చూశాడు. ఆ చూపుకు అడ్డం చెప్పే ధైర్యం నాకు లేదు. "నేను తీస్త," అన్నాను.

మర్నాడు ఆయన ఆఖరి డ్యూటీ. పొద్దున టీ కొట్టు దగ్గర నా ప్రొఫైల్‌లో నేను పెట్టిన మొదటి ఫోటో ఆయనదే. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా కిందికి దిగని మనిషి ఫోటో కింద "దిగిండు" అని రాశాను. సాయంత్రం సభ అయింది. కాలనీ ఆడవాళ్లంతా వచ్చి తలా ఒక దండ వేస్తే కాక ముక్కు దాకా మునిగిపోయాడు. ఇంటి దగ్గర దింపి వచ్చాను.

కాసేపటికి ఆయన భార్య యమున చిన్నమ్మ ఫోను చేసింది. "ప్రశాంతూ, ఫోటో ఇంక గట్లనే ఉన్నదేందిర? మీ కాక పైకి రాలేదా?"

గబుక్కున లేచి నిలబడ్డాను. "ఇంట్ల లేడా చిన్నమ్మా?"

"ఎందుకు లేడు? అరుగు మీద కూసున్నడు. నువ్వు ఫోటో దాసేదాక లోపలికి రాడట."

దాచేశాను. అప్పుడు గానీ ఆయన చెప్పులు విప్పలేదట.