గుడ్డ ఈ చొక్కాదే

నాకు రాయడం సరిగా రాదు. ఐదో తరగతి మధ్యలోనే బడి మానేశాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తికమక పడతాను. నేను ఎక్కువగా రాసింది కొలతల పుస్తకమే. మెడ, ఛాతీ, భుజం, చేయి పొడవు. ఒక సంగతిని మొదటి నుంచి చివరిదాకా కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి. చదివేవాళ్లు విసుక్కోకండి.

నేను చిక్కడపల్లిలో ముప్పై ఏళ్లకు పైగా పోలీసు యూనిఫాంలు కుట్టాను. ఈ సంగతి జరిగింది దుకాణం మూసేయడానికి ఐదారేళ్ల ముందు, శ్రావణ మాసంలో. అప్పటికి మూడు స్టేషన్ల గిరాకీ ఉండేది. స్టేషన్ల పేర్లు, ఆఫీసర్ల పేర్లు రాయను.

మా పనిలో చొక్కా కంటే భుజం పట్టీ ముఖ్యం. మనిషి హోదా అక్కడే ఉంటుంది. ఏఎస్సైకి ఒక నక్షత్రం, ఎస్సైకి రెండు, ఇన్‌స్పెక్టరుకు మూడు, ఈ ముగ్గురికీ పట్టీ చివర ఎరుపు నీలం రిబ్బను. ఏసీపీకి కూడా మూడు నక్షత్రాలే, కానీ రిబ్బను ఉండదు. కొత్తగా పనిలోకి వచ్చినవాడు ముందు ఇది నేర్చుకోవాలి. రిబ్బను తప్పు కుడితే పెద్ద ఆఫీసరుకు చిన్న ఉద్యోగం ఇచ్చినట్టే.

ఒక రోజు మధ్యాహ్నం నాలుగింటికి ఒక ఎస్సై వచ్చారు. ఏడెనిమిదేళ్లుగా నా దగ్గరే కుట్టించుకుంటున్న మనిషి. కార్పొరేషన్ వాళ్లు నా దుకాణం ముందు రేకులు పీకడానికి వస్తే ఒక ఫోను చేసి ఆపించారు కూడా. ఆ రోజు కవరులోంచి చొక్కా తీసి బల్ల మీద పడేశారు. జేబు మీద పెన్ను కారిన సిరా మరక ఉంది. కుడి భుజం పట్టీ లేదు. భుజానికి చేయి అతికే కుట్టు దగ్గర దారాలు వేలాడుతున్నాయి.

"గేటుకు తట్టుకొని చినిగింది మాస్టర్. రేపు పొద్దున మీటింగున్నది. కొత్తగ కనవడొద్దు," అన్నారు.

ఖాకీ గుడ్డ ఉతికేకొద్దీ పాలిపోతుంది. కొత్త తానులోంచి ముక్క తీసి పాత చొక్కాకు పట్టీ వేస్తే వీధి అవతల నుంచి కూడా తెలిసిపోతుంది. అందుకని చొక్కా వెనక కింది భాగం, ప్యాంటులోకి దోపుకునే చోట, ఒక ముక్క కత్తిరించి దానితో పట్టీ కుట్టేవాడిని. కత్తిరించిన చోట కొత్త గుడ్డ అతుకు వేసేవాడిని. అతుకు ప్యాంటులోపల ఉంటుంది కాబట్టి ఎవరి కంటా పడదు. ఎండ తగలని గుడ్డ కొంచెం ముదురుగా ఉంటుంది. దాన్ని సబ్బు నీళ్లలో రెండుసార్లు ఉతికి, తడి మీదే ఇస్త్రీ చేస్తే రంగు కలిసిపోతుంది. ఈ పని ఓపికగా చేసేవాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

ఏడింటికి చొక్కా సిద్ధం. ఎస్సై దాన్ని ట్యూబులైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏది పాతదో ఏది కొత్తదో నాకే తెలుస్తలేదు. నీ చేతికి దండం," అన్నారు. నాకు సంతోషమైంది. దాచిపెట్టను, చాలా సంతోషమైంది.

పది రోజుల తర్వాత ఒక పిల్లవాడు వచ్చాడు. పిల్లవాడంటే ఇరవై ఆరు, ఇరవై ఏడు ఉంటాయి. పేరు లింగస్వామి. కుడి చేయి మోచేతి దాకా సిమెంటు కట్టు. అశోక్ నగర్‌లో హాస్టల్లో ఉండి నాలుగేళ్లుగా ఎస్సై పరీక్షకు చదువుతున్నాడట. పరుగు, లాంగ్ జంపు అన్నీ పాసయ్యాడు, ఆఖరి రాత పరీక్ష ఒక్కటే మిగిలింది.

ఎడమ చేత్తో ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పెట్టాడు. అందులో భుజం పట్టీ ఉంది. నక్షత్రాలు బిగించే రెండు రంధ్రాలు, చివర ఎరుపు నీలం రిబ్బను.

"ఇది ఎవరు కుట్టిండ్రో చెప్తవా కాకా? నారాయణగూడల రెండు దుకాణాలల్ల అడిగిన. ఇంత సాపుగ కుట్టెటోడు చిక్కడపల్లిలనే ఉంటడన్నరు."

జరిగింది చెప్పాడు. పది రోజుల కింద పరీక్ష తేదీ మార్చాలని పిల్లలు లైబ్రరీ దగ్గర రోడ్డు మీద కూర్చున్నారు. పోలీసులు వచ్చి లేపారు. లింగస్వామి లేచి పక్క గల్లీలోకి నడుస్తుంటే ఒక ఎస్సై వెనక నుంచి పట్టుకుని గోడకు అదిమి లాఠీతో మణికట్టు మీద కొట్టాడట. పడిపోతూ ఆయన భుజం పట్టుకున్నాడు. ఆసుపత్రిలో ఎడమ పిడికిలి విప్పితే ఈ పట్టీ ఉంది. ఎస్సై మాత్రం తన రిపోర్టులో, పిల్లలు రాళ్లు వేశారని, ఒకడు పరుగెత్తుతూ జారిపడ్డాడని, తాను ఎవరి మీదా చేయి వేయలేదని రాశారు. పైగా లింగస్వామి మీద విధులకు ఆటంకం కేసు పెట్టారు. స్నేహితుడి ఫోనులో వీడియో ఉంది కానీ దెబ్బ పడకముందే ఆగిపోయింది. అందులో ఎస్సై జేబు మీద సిరా మరక మాత్రం కనిపిస్తుంది.

"కేసు ఉన్నోనికి ఖాకీ ఇయ్యరు కాకా," అన్నాడు. తర్వాత తనే నవ్వాడు. "నౌకరొస్తే నీ అసుంటోని దగ్గరనే కుట్టించుకుందమనుకున్న. జూడు, అవతలోని పట్టీ వట్టుకొని దుకాణాలెంబడి తిరుగుతున్న."

నా భార్య గడప దగ్గర కూర్చుని కాజాలు కుడుతోంది. కాజా అంటే గుండీ పట్టే రంధ్రం. మా దుకాణంలో కాజాలన్నీ ఆమెవే, చేతితో కుట్టినవే. పట్టీ తీసుకుని కాజా చూసి, తిరిగి ఇచ్చేసి లోపలికి వెళ్లిపోయింది.

"నాకెరుక లేదు తమ్మీ," అన్నాను.

అతను వెళ్లాక ఆమె బయటికి వచ్చింది. "కాజా నాది. కుట్టు నీది. ఎరుక లేదంటివేంది?" అంది.

"మనకెందుకు?" అన్నాను.

"మనకెందుకని ఆడదాన్ని, నేను అనాలె. నువ్వంటున్నవ్."

లింగస్వామి పై ఆఫీసర్లకు ఫిర్యాదు పెట్టుకున్నాడు. పోలీసు మీద ఫిర్యాదు వస్తే ముందు ప్రాథమిక విచారణ చేస్తారు. వేరే డివిజన్ ఏసీపీకి అప్పగిస్తారు. తప్పు ఉందని తేలితే చార్జి మెమో ఇస్తారు, అప్పుడు అసలు విచారణ మొదలవుతుంది. తేలకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఎస్సై యూనిఫాంలు ఎవరు కుడతారని స్టేషనులో అడిగితే నా పేరు చెప్పారట. నన్ను రమ్మని కాగితం వచ్చింది.

నేను ఏసీపీ దగ్గరికి వెళ్లాల్సిన ముందు రోజు ఎస్సై వచ్చి దుకాణంలో స్టూలు మీద కూర్చున్నారు. బెదిరించలేదు. బల్ల మీద ఉన్న యూనిఫాంలు చూపించి, ఇది ఎవరిది, అది ఎవరిది అని ఒక్కొక్కటీ అడిగారు. చెప్పాను. అన్నీ ఆయన తోటివాళ్లవే.

"అబద్ధం చెప్పమంటలేను మాస్టర్. అడిగినదానికి చెప్పు. అడగనిది చెప్పకు. గంతే," అన్నారు. లేచి వెళ్తూ, "మంచిగ కుట్టినవ్. నీ కుట్టు నువ్వే ఇప్పుకుంటవా ఏంది?" అని నా భుజం తట్టారు.

ఏసీపీ ఒక మేడం. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించారు. బల్ల మీద సిరా మరక ఉన్న చొక్కా మడత పెట్టి ఉంది. పక్కన లింగస్వామి తెచ్చిన పట్టీ. ఒక రైటరు నా మాటలు రాసుకుంటున్నాడు.

పట్టీ చూపించి, "ఇది మీరు కుట్టిందేనా?" అని మేడం అడిగారు.

"నా కుట్టు లెక్కనే ఉంది మేడం. ఇసుంటివి శానమందికి కుట్టిన."

"ఈ చొక్కా?"

"నేనే కుట్టిన మేడం."

మేడం చొక్కా తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లారు. రెండు భుజాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. రంగులో తేడా దొరకలేదు. మళ్లీ వచ్చి కూర్చున్నారు. "కుడి భుజానికి కొత్త గుడ్డ వేశారా? బాగా చూసి చెప్పండి, తొందరేం లేదు," అన్నారు.

నేను చూసినట్టు చేశాను. చొక్కా వెనక భాగం మేడం చేతి కిందే ఉంది. ఒక్క మడత విప్పితే అతుకు కనిపిస్తుంది. కొత్త ఖాకీ, నా అరచేతంత.

"లేదు మేడం. గుడ్డ ఈ చొక్కాదే," అన్నాను.

"ఇంకేమైనా చెప్పేది ఉందా?"

"ఏం లేదు మేడం."

రైటరు చదివి వినిపించాడు. సంతకం పెట్టాను. నా సంతకం పెద్దగా, వంకరగా ఉంటుంది. అతను రెండోసారి పెట్టమన్నాడు, పెట్టాను.

రెండు నెలల తర్వాత లింగస్వామి మళ్లీ వచ్చాడు. కట్టు తీసేశారు, కానీ మణికట్టు వంకరగా అతుక్కుంది. పెన్ను పట్టుకుంటే పది నిమిషాలకు చేయి లాగేస్తుందన్నాడు. విచారణలో ఏమీ తేలలేదని ఫైలు మూసేశారు. దరఖాస్తు పెట్టి కాపీ తీసుకున్నాడు. నా వాంగ్మూలం ఉన్న పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు. తిడతాడని అనుకున్నాను. తిట్టలేదు.

"మేము బిట్టు పేపర్లు జదివెటోళ్లం కాకా," అన్నాడు. "ప్రశ్నల ఒక్క మాట అటీటైతే జవాబే మారిపోతది. ఆమె కొత్త గుడ్డ ఏసినవా అనడిగింది. నువ్వు లేదన్నవ్. పట్టీ కుట్టలేదని యాడ కూడ అనలే. గుడ్డ ఈ చొక్కాదే అంటే ఏంది కాకా?"

నా భార్య కాజా కుట్టడం ఆపింది. నేను లింగస్వామిని లోపలికి పిలిచి, ఒక పాత చొక్కా తీసి, కింది గుడ్డ పైకి ఎలా వస్తుందో చూపించాను. కత్తెర ఎక్కడ పెడతానో, అతుకు ఎక్కడ వేస్తానో అంతా చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. మధ్యలో రెండు ప్రశ్నలు కూడా అడిగాడు. చివరికి, "ఆమె చేతి కిందనే ఉండెనా?" అన్నాడు. అవునన్నాను.

మర్నాడు ఇద్దరం బాగ్ లింగంపల్లిలో అతని వకీలు దగ్గరికి వెళ్లాం. వకీలు అంతా విని కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"చొక్కా ఎక్కడుంది?" అని అడిగారు.

"ఎస్సై సారుకు వాపసిచ్చిండ్రంట."

"చొక్కా లేకుంటే నీ మాటొక్కటే మిగిలింది. కోర్టుల నిలబడితే, అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా అనడుగుతరు. ఏం చెప్తవ్?"

"అప్పుడు చెప్పింది కూడ నిజమే సార్."

"అదే గదయ్యా కష్టం. అబద్ధం చెప్పుంటే తప్పైందని ఒప్పుకోవచ్చు. నువ్వు అన్నీ నిజాలే చెప్పినవ్."

చివరి మాట ఒక్కటి అబద్ధం సార్, ఏం లేదన్నాను కదా, అన్నాను. వకీలు నవ్వారు. "అది అందరూ అనేదే. దాన్ని ఎవరూ అబద్ధం కింద లెక్కపెట్టరు," అన్నారు. ఏసీపీ ఆఫీసుకు కూడా వెళ్లాను. మేడం బదిలీ అయ్యారు. అక్కడున్న గుమాస్తా, ఫైలు మూసినంక కొత్త రుజువు ఉంటే తప్ప తెరవరన్నాడు. రుజువు ఏదని అడిగాడు. నా దగ్గర మాట తప్ప ఏమీ లేదు.

మరుసటి సంవత్సరం ఆ ఎస్సైకి ఇన్‌స్పెక్టరుగా ప్రమోషన్ వచ్చింది. కొత్త యూనిఫాంలు నాలుగు జతలు నా దగ్గరే ఇచ్చారు. అడిగినదానికే జవాబు చెప్పానని నా మీద నమ్మకం పెరిగింది. పట్టీలకు మూడో నక్షత్రం రంధ్రం నేనే వేశాను. కాజాలకు మాత్రం నా భార్య సూది పట్టలేదు. నేనే కుట్టాను. అవి బాగా రాలేదు. ఆయన గమనించలేదు.

లింగస్వామి మీద పెట్టిన కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్న రోజు వెళ్లి వస్తాడు. ఈలోగా ఎస్సై ఉద్యోగానికి వయసు దాటిపోయింది. ఇప్పుడు ఒక కోచింగ్ సెంటరులో వేరే పిల్లల పేపర్లు దిద్దుతున్నాడు. వకీలు నన్ను సాక్షుల జాబితాలో పెట్టారు. నా వంతు రాలేదు. వస్తే అడగనిది కూడా చెబుతాను. దాని వల్ల అతనికి ఉద్యోగం రాదు.

ఈ పనిలో నాకు తెలిసింది ఇది. పోలీసు తప్పు చేస్తే పట్టుకోవడానికి చట్టం ఉంది, విచారణ ఉంది, ఓపికగా అడిగే ఆఫీసరు కూడా ఉండవచ్చు. కానీ తప్పు ఎక్కడ దాగి ఉందో ఆ ఆఫీసరుకు తెలియదు. దాన్ని కడిగినవాడికి, మోసినవాడికి, కుట్టినవాడికి తెలుస్తుంది. అంటే మాలాంటివాళ్లకు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పి ఇంటికి వచ్చేస్తే విచారణ జరిగినట్టు కాగితం మిగులుతుంది, అంతే. చొక్కా మడత విప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. ఎవరూ నా చేయి పట్టుకుని ఆపలేదు.

ఇంతే రాయగలిగాను. గుణింతాలు తప్పినచోట, మాట కుదరనిచోట చదువుకున్నవాళ్లు దిద్దుకుని నన్ను మన్నించండి. నేను అడుగుతున్నది అక్షరాల్లో తప్పుల గురించే.